ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం: ముందు నీరు కుదరాలి, ఆ తర్వాతే చేప

రంగురంగుల సముద్రపు చేపలను ఇంట్లో పెంచాలనుకునేవారు చాలామంది చిన్న తొట్టెతో మొదలుపెడితే సులువని భావిస్తారు. వాస్తవం ఇందుకు విరుద్ధం. నీరు ఎంత తక్కువగా ఉంటే అందులో మార్పులు అంత వేగంగా వస్తాయి. లీటరుకు 35 గ్రాముల లవణాలున్న 20 లీటర్ల తొట్టెలో 2 లీటర్ల నీరు ఆవిరైతే లవణీయత దాదాపు 39 గ్రాములకు చేరుతుంది. 100 లీటర్ల తొట్టెలో అంతే నీరు తగ్గితే అది 36 కూడా దాటదు. అందువల్ల కొత్తవారికి 75 నుంచి 100 లీటర్ల తొట్టె అనుకూలం.

ఉప్పు, నీరు

వంట ఉప్పు ఇందుకు పనికిరాదు. సముద్రపు నీటిలో సోడియం క్లోరైడ్‌తో పాటు మెగ్నీషియం, కాల్షియం వంటి లవణాలు కూడా ఉంటాయి. అక్వేరియంల కోసం తయారుచేసే సముద్రపు ఉప్పు మిశ్రమాన్ని ఆర్వో నీటిలో కలిపి వాడాలి. తీరం నుంచి తెచ్చిన నీటిలో కాలుష్య కారకాలు, రోగకారక జీవులు ఉండే ప్రమాదం ఉంది. నీరు ఆవిరైనా ఉప్పు తొట్టెలోనే మిగులుతుంది. కాబట్టి తగ్గిన మేరకు ఉప్పు కలపని ఆర్వో నీటినే పోయాలి.

అవసరమైన పరికరాలు

లవణీయతను కొలిచే రిఫ్రాక్టోమీటర్, నీటిని కదిలించే పవర్‌హెడ్, ఫిల్టర్, థర్మామీటర్, అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్ పరీక్షల కిట్లు తప్పనిసరి. వ్యర్థాలను నురుగు రూపంలో తొలగించే ప్రోటీన్ స్కిమ్మర్ ఉపయోగకరమే అయినా, చేపలు తక్కువగా ఉండి, నీటిని క్రమం తప్పకుండా మారుస్తుంటే అది లేకున్నా ఇబ్బంది లేదు.

నీటి ఉష్ణోగ్రత 24 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. తెలుగు రాష్ట్రాల్లో వేసవిలో చలి కంటే వేడే అసలు సమస్య. నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. నీటి ఉపరితలంపైకి గాలి వీచేలా చిన్న ఫ్యాన్ అమర్చితే కొంత చల్లబడుతుంది. అది చాలని చోట చిల్లర్ అవసరమవుతుంది. విద్యుత్ కోతల సమయంలో బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు చేపల ప్రాణాలు కాపాడుతుంది.

వేచి చూడవలసిన కాలం

కొత్త తొట్టెల్లో చేపలు చనిపోవడానికి ప్రధాన కారణం తొందరపాటే. చేపల వ్యర్థాలు, మిగిలిన ఆహారం కుళ్లడం వల్ల విషపూరితమైన అమ్మోనియా పుడుతుంది. ఒక రకం బ్యాక్టీరియా దానిని నైట్రైట్‌గా, మరో రకం నైట్రైట్‌ను తక్కువ హానికరమైన నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ బ్యాక్టీరియా రాళ్లపైనా, ఫిల్టర్‌లోనూ స్థిరపడటానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఈ దశలో చేపలను వేయకుండా, తొట్టెలో చిటికెడు చేపల ఆహారం వేస్తూ నీటిని పరీక్షించాలి. అమ్మోనియా, నైట్రైట్ పెరిగి, తిరిగి సున్నాకు చేరి, నైట్రేట్ కనిపించినప్పుడే తొట్టె సిద్ధమైనట్లు.

ఏ చేపలు తగినవి?

తొలి చేపలుగా ఒక జత క్లౌన్ ఫిష్ మేలు. ఇవి సముద్రంలో ఎనిమోన్‌ల మధ్య జీవించినా, తొట్టెలో అవి లేకుండానే బతుకుతాయి. కొన్ని వారాల తర్వాత ఒక చిన్న గోబీని చేర్చవచ్చు. డామ్సెల్ చేపలు గట్టివే కానీ తోటి చేపలను వేధిస్తాయి. బ్లూ ట్యాంగ్ దాదాపు 30 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది కనుక చిన్న తొట్టెకు తగదు.

కొనే ముందు ఆ చేప హేచరీలో పుట్టిందా, సముద్రంలో పట్టినదా అని దుకాణంలో అడగడం అవసరం. కొచ్చి ప్రధాన కేంద్రంగా ఉన్న కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్ ఫిష్‌ను హేచరీలో ఉత్పత్తి చేసే పద్ధతులను అభివృద్ధి చేసింది. హేచరీ చేపలు తొట్టె జీవితానికి, తయారుచేసిన ఆహారానికి అలవాటుపడి ఉంటాయి. పైగా పగడపు దిబ్బలపై వేట భారం తగ్గుతుంది. పగడాలు, సముద్రపు గుర్రాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి. వాటిని మన సముద్ర జలాల నుంచి సేకరించి అమ్మడం నేరం. తొట్టె అలంకరణకు సిరామిక్ రాళ్లు సరిపోతాయి.

తొట్టె కుదిరాక వారానికి 10 శాతం నీటిని మార్చడం, ఆహారం మితంగా వేయడం అలవాటు కావాలి. క్లౌన్ ఫిష్ సరైన సంరక్షణలో పదేళ్లకు పైగా జీవించగలదు. అంతకాలం బాధ్యత వహించగలమా అన్నది తొట్టె కొనేముందే తేల్చుకోవలసిన విషయం. పెంచలేని పరిస్థితి వస్తే చేపను సముద్రంలో వదలకూడదు. దానివల్ల అక్కడి జీవులకు వ్యాధులు సోకే ప్రమాదం ఉంది. దుకాణానికి లేదా మరో పెంపకందారుకు అప్పగించడమే సరైన మార్గం.