సిర్కా పరీక్షలో తెల్లమచ్చ కనిపిస్తే...

"హకీమ్ సాబ్, లోపల తెల్లమచ్చ ఉందన్నారు. సర్తానేనా?" అని అడిగే అక్కచెల్లెళ్లకు ఈ వారం జవాబు.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాత్రికి రాత్రి రాదు. హెచ్‌పీవీ వైరస్ ఏళ్ల తరబడి నిలిచిపోతే అక్కడి చర్మం మెల్లగా చెడి, సాధారణంగా 15–20 ఏళ్లకు క్యాన్సర్‌గా మారుతుంది. ఆ కాలమంతా నొప్పి ఉండదు. కనుక బాధ లేనప్పుడే చూపించుకోవాలి.

జాతీయ కార్యక్రమం కింద 30–65 ఏళ్ల స్త్రీలకు అయిదేళ్లకోసారి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ పరీక్ష చేస్తారు. 3–5 శాతం ఎసిటిక్ యాసిడ్ (మన సిర్కాలోని పులుపు ఇదే) ముఖద్వారానికి అద్ది, ఒక నిమిషం ఆగి చూస్తారు. ముంబైలో టాటా మెమోరియల్ వారు 1998లో మొదలుపెట్టిన పరిశీలనలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలే ఈ పరీక్ష చేశారు. ముఖద్వార క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయని 2013లో వెల్లడైంది.

ఇవి మామూలే: నున్నగా, గులాబీ రంగులో ఉండటం. కాన్పులైన వారిలో రంధ్రం అడ్డగీతలా కనిపించడం. వయసులో ఉన్నవారికి, గర్భిణులకు, గర్భనిరోధక మాత్రలు వాడేవారికి రంధ్రం చుట్టూ ఎర్రగా ఉండటం. ఇది పుండు కాదు. ముత్యాల్లాంటి చిన్న నీటి బుడిపెలు కూడా హాని చేయవు.

ఇవి మామూలు కావు: లోపలి ఎర్రచర్మం, బయటి గులాబీ చర్మం కలిసేచోట దట్టంగా, అంచులు స్పష్టంగా ఉన్న తెల్లమచ్చ. ఇది క్యాన్సర్ అని తీర్పు కాదు. కాల్‌పోస్కోపీ, అవసరమైతే ముక్క తీసి పరీక్ష చేయాలి. ఈ దశలోనే దొరికితే చెడిన చర్మాన్ని మాత్రమే తొలగిస్తే సరిపోతుంది, సాధారణంగా గర్భసంచి తీయనక్కరలేదు. కాలీఫ్లవర్‌లా పెరిగిన కండ, ముట్టుకుంటే రక్తం కారే పుండు ఉంటే ఆలస్యం చేయక పెద్దాసుపత్రికి వెళ్లాలి. బెంగళూరులో కిద్వాయి ఆసుపత్రి ఉంది.

ముట్లుడిగాక ఆ రెండు చర్మాలు కలిసేచోటు లోపలికి జరిగిపోతుంది. అప్పుడు ఏ పరీక్ష తగినదో డాక్టరమ్మను అడగండి.

చివరిగా మూడు మాటలు. ఇంట్లో సిర్కా లోపల రాయకండి. సంకోచం ఉంటే మహిళా సిబ్బందినే కోరండి, అది మీ హక్కు. సైలాన్, అంటే తెల్లబట్టకు, మాజూన్ ఇచ్చేవాణ్ణే నేను. అయినా చెబుతున్నాను: కలయిక తర్వాత రక్తం, ముట్లుడిగాక రక్తం, దుర్వాసనతో స్రావం కనిపిస్తే ముందు నా దగ్గరకు కాదు, ఆసుపత్రికి వెళ్లండి. మందు తర్వాత, చూపు ముందు.