తూటికూర యేది? లొట్టపీసు యేది?

బొబ్బిలి చెరువు గట్టులపైనను, వేగవతి యొడ్డునను గుంపులుగా పెరుగు లొట్టపీసు మన దేశపు మొక్క కాదు. అమెరికా ఉష్ణమండలమునుండి వచ్చినది. మొన్న ఒక గృహిణి దాని లేత చిగుళ్లను తూటికూర యనుకొని కోసి తెచ్చి, వండవచ్చునా యని అడిగినది. రెంటి పూలును గరాటు వలె నుండును, కాడలును లోపల బోలు. కనుక భ్రమ సహజమే.

కోసిన చిగురును చూచి నిర్ణయింపరాదు. మొక్క నిలిచిన తీరు చూడవలెను. తూటికూర నీటిపై తేలును, బురదపై పాకును. ఆకు తరచు బాణపు మొన వలె నుండును. లొట్టపీసు నిలువెత్తు పొద. మొదలు కట్టెబారును, ఆకు పెద్దది, హృదయాకారము. దీనియందు స్వైన్సొనిన్ అను విషము కలదు. మేత లేక దీనికి మరగిన మేకలు వణకుచు, తూలుచు, తుదకు మరణించును.

ఆ చిగుళ్లను పారవేయించితిని; మేకకైనను వేయవలదని చెప్పితిని.