బిందెడు బంగారం, బిందెడు గాలి

పది లీటర్ల బిందె ఒకటి తీసుకోండి. అందులో పట్టే నీళ్ల బరువు 10 కిలోలు. అంతే పరిమాణం ఉన్న వస్తువు 10 కిలోలు దాటిందా, మునక ఖాయం. తగ్గిందా, తేలుతుంది. ఇక శ్రీకాళహస్తి చుట్టుపక్కల నుంచే తూకం మొదలెడదాం!

మునిగే కర్రల్లో మనవాడు: ఎర్రచందనం. బిందెడు టేకు 6.5 కిలోలు, బిందెడు బాల్సా కర్ర 1.6 కిలోలే. శేషాచలం ఎర్రచందనం చేవ మాత్రం 11 కిలోలు! చెక్కబొమ్మల ఊరు మాధవమాల ఇక్కడికి దగ్గరే. ఉలి కింద రాలిన చిన్న చేవ పేడును గ్లాసు నీళ్లలో వేసి చూడండి, రాయిలా అడుగుకు పోతుంది. దీన్ని మించినవాడు కరీబియన్ దీవుల లిగ్నమ్ వైటే: 12 కిలోల పైమాటే.

తేలే ఇటుక: వరంగల్ దగ్గరి రామప్ప గుడి విమానానిది. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో గుర్తింపు. బిందెడు మామూలు ఇటుక 18 కిలోలుంటే, ఇది 9 కిలోలు. కాకతీయుల లెక్కే లెక్క!

తేలే ఇనుము: నమ్మరు గానీ, ఉంది. ఇనుము బిందెడు 70 కిలోల పైనే. కానీ కాళహస్తి పక్క రాచగున్నేరిలో తయారయ్యేలాంటి డక్టైల్ ఇనుప పైపు, మీటరు వ్యాసంది, రెండు మూతులూ బిగించి చెరువులో దొర్లిస్తే తేలుతుంది. మీటరు ముక్క బరువు 350 కిలోలకు అటూ ఇటూ, అది పక్కకు నెట్టే నీరు 850 కిలోల పైన! అందుకే మట్టి కప్పకముందే పైపులు వేసిన కాలువలోకి వాననీరు చేరితే ఖాళీ పైపులు పైకి లేచి కూర్చుంటాయి.

ఇదే కిటుకుతో తేలిన అతి పొడవైన ఓడ: సీవైజ్ జెయింట్, 458 మీటర్లు. మన శ్రీకాళహస్తి గుడి కొత్త రాజగోపురం 144 అడుగులు, అంటే తాటిచెట్టు మీద తాటిచెట్టు. అలాంటివి పది వరసగా పడుకోబెట్టినా ఆ ఓడ ఇంకా మిగులుతుంది! రాయలనాటి పాత గోపురం కూలిందీ, గుజరాత్‌లోని అలంగ్ ఒడ్డున ఈ ఓడను ముక్కలు చేసిందీ 2010లోనే.

అడుగు వదలని మొండిఘటం: బంగారం. స్వర్ణముఖి ఇసుక బిందెడు 20 కిలోలకు లోపే, బంగారం 193. నదుల్లో బంగారం ఏరేవాళ్లది మన అమ్మల పనే. బియ్యం గాలించినట్టు పళ్లెం తిప్పితే తేలికది జారిపోతుంది, బరువైంది అడుగున నిలుస్తుంది. బంగారాన్నీ ఓడించే బరువు మహారాజు ఓస్మియం, బిందెడు 226 కిలోలు. పాతిక కిలోల బియ్యం బస్తాలు తొమ్మిది!

అందరికన్నా తేలిక: శ్రీకాళహస్తి వాయులింగ క్షేత్రం కదా, గాలే అనుకుంటున్నారా? గర్భగుడిలో దీపాన్ని రెపరెపలాడించే ఆ గాలి బిందెడు 12 గ్రాములు. హీలియం 2 గ్రాములు కూడా లేదు, హైడ్రోజన్ గ్రాముకు లోపే. ఖాళీ బిందె ఖాళీ అనుకునేరు, 12 గ్రాముల సరుకుంది అందులో!