లెక్క సున్నాకు తిరిగితే...

ఫోన్ అప్‌డేట్ ఎందుకని సంఘం ఆఫీసుకు వచ్చే పెద్దలు అడుగుతుంటారు. మేము చెప్పే ఉదాహరణ ఒకటి ఇక్కడ రాస్తున్నాం.

ఆండ్రాయిడ్ ఫోన్లకు అడుగున ఉండేది లైనక్స్ కెర్నల్. అందులో ఒకే మెమరీ చోటును పలు పనులు కలిసి వాడుకుంటాయి. ఎందరు వాడుతున్నారో పక్కన ఒక లెక్క ఉంటుంది. కొత్తవారు చేరితే ఒకటి పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. సున్నా అయితే ఆ చోటు వేరొకరికి ఇచ్చేస్తారు. ఆఫీసులో ఫైళ్ల రిజిస్టరు రాసినవారికి ఇది కొత్తేమీ కాదు.

చిక్కేమిటంటే, పాత కరెంటు మీటరు 99999 దాటి 00000కి వచ్చినట్టు, ఈ లెక్కా తిరిగి సున్నాకు వస్తుంది. 2016 జనవరిలో బయటపడిన లోపం అదే. ఒక ప్రోగ్రాము తన కీరింగ్ స్థానంలో మళ్లీ అదే కీరింగ్‌ను పెట్టమంటే లెక్క పెరిగేది, తగ్గాల్సినప్పుడు తగ్గేది కాదు. 429 కోట్లకు పైగా సార్లు అలా చేయిస్తే సున్నా! యంత్రానికి విసుగు లేదు కదా. వాడుకలో ఉన్న చోటే ఖాళీ అయిందనుకుని వదిలేసేది. అందులో దొంగ తన సరుకు దూర్చి యంత్రం మొత్తాన్ని చేతిలోకి తీసుకోగలిగేవాడు.

2017లో 4.11 వెర్షన్‌తో ‘రెఫ్‌కౌంట్-టి’ అనే కొత్త రకం లెక్క వచ్చింది. హద్దు చేరితే అక్కడే బిగుసుకుపోయి హెచ్చరిక రాస్తుంది. ఆ చోటు రీస్టార్ట్ దాకా ఎవరికీ దక్కదు. కొంత మెమరీ వృథా అయినా ఇల్లు దోపిడీ కాదు. మా గుమాస్తా లెక్కలో ఇది మంచి బేరమే.

కెర్నల్‌లోని పాత లెక్కలను ఆ తర్వాత ఒక్కొక్కటిగా ఇందులోకి మారుస్తూ వచ్చారు. 2016 లోపానికి మరమ్మతు ఆండ్రాయిడ్ ఫోన్లకు చేరింది మాత్రం అప్‌డేట్ రూపంలోనే.