కార్తీకపు వాతావరణ సూచన

"రాగల మూడు దినములు పొడి వాతావరణము, ఉష్ణోగ్రతలలో చెప్పుకొనదగిన మార్పు లేదు." కార్తీకము చివర ఇట్టి సూచన విని, ఇందు విశేషమేమున్నదని మనము విడిచిపెట్టుదుము. కాని బరంపురము చుట్టుపట్ల వరి కోసి, పనలను పొలముననే ఆరవేసిన రైతునకు ఈ వాక్యమే ధైర్యము.

1875లో నెలకొన్న భారత వాతావరణ శాఖ ఈ మాటను ఊరక చెప్పదు. ప్రతిదినము ఉదయము 8.30 గంటలకు దేశమందలి పరిశీలన కేంద్రములలో వాయుపీడనము, ఉష్ణోగ్రత, తేమ, గాలిదిశ కొలిచెదరు. ఉపగ్రహములు మేఘములను చూపును. కంప్యూటర్లు రాబోవు స్థితిని లెక్కించును. దినములు గడచినకొలది లెక్కలోని చిన్న పొరపాటు పెరుగును గనుక, సూచనను ప్రతిదినము సరిచూతురు.

నైరృతి ఋతుపవనములు వెడలిన పిమ్మట ఉత్తరపు నేలమీదనుండి పొడిగాలి వీచును. మబ్బులేని రాత్రి భూమి తన వేడిమిని వేగముగా కోల్పోవును. అందుచేతనే పగలు ఎండ, తెల్లవారుజామున మంచు.

అయినను శరత్కాలము తుపానుల కాలము గూడ. 1999 అక్టోబరు 29న ఒడిశా తీరమును తాకిన పెనుతుపాను వేలమందిని బలిగొన్నది. 2013 అక్టోబరు 12న మన గోపాలపురము చెంత ఫైలిన్ తాకినప్పుడు, ముందుగానే సూచన వెలువడుటచే లక్షలాది జనమును సురక్షిత స్థలములకు తరలించిరి. మృతుల సంఖ్య పదులలోనే నిలిచినది.

కావున విద్యార్థులమగు మనము ప్రతిదినము సూచనను విని, ఒడియాలో వినినదానిని ఇంటి పెద్దలకు తెలుగున తెలియజెప్పుదము. మార్పు లేదన్న దినమున గూడ చెప్పుదము.