దీపమునకు మూడవ తీగె

ఇంట దీపము వెలుగకున్నచో మనము వెంటనే వైర్‌మన్‌ను పిలిపింతుము. చక్కగా వెలుగుచున్నచో దానివంక కన్నెత్తియైనను చూడము. ఫేజు తీగె తెగినచో దీపమారును. న్యూట్రలు తెగినను ఆరును. ఎర్తు తీగె మాత్రము తెగినను, ఊడినను, అసలే లేకున్నను, దీపము మునుపటివలెనే వెలుగుచుండును, మనకేమియు తెలియదు. ప్రమాదమంతయు ఈ తెలియకపోవుటయందే యున్నదని మేము ఒక అనుభవమువలన గ్రహించితిమి గనుక, తలిదండ్రులకు ఈ నాలుగు మాటలు విన్నవింపదలచితిమి.

కొన్ని యేండ్ల క్రిందట వేసవి సెలవులలో మా పాఠశాలయందు మావశీ, అనగా ఈ సోలాపురమున మనమందరము ఆయాను పిలుచుకొను పేరు, నల్లబల్లపైనున్న ట్యూబులైటు రేకును తడిగుడ్డతో తుడుచుచు, కెవ్వున కేకవేసి స్టూలుమీదినుండి క్రింద పడెను. మణికట్టు బెణుకుటతో ఆపద గడచినది. స్విచ్చి ఆపియే యుండెను. పిలువగా వచ్చిన వైర్‌మన్ నిచ్చెన యెక్కి చూచి, "పచ్చతీగె కనబడుచున్నది, ఎర్తు బాగుగనే యున్నది" అని చెప్పి దిగెను. మాకు తృప్తి కలుగక రేకును విప్పించితిమి. పచ్చతీగె ఉన్నమాట నిజమే. కాని దాని కొన టేపుతో చుట్టబడి, రేకు వెనుక ముడుచుకొని యుండెను. ఏ మరమేకునకును బిగింపబడలేదు. పైగా స్విచ్చిని ఫేజునకు బదులు న్యూట్రలుపై అమర్చినందున, ఆపినను కరెంటు చోకువరకు వచ్చుచునే యుండెను. చోకులో వేడికి తొడుగు మాడిన తీగె యొకటి రేకునకు తగులుచుండెను. ఆ దీపము ఏండ్ల తరబడి ఏ లోపమును చూపక వెలిగినది.

ఎర్తు చేయు పని యేమి? లోపలి తీగె రేకునకు తగిలినప్పుడు రేకునకు 230 వోల్టులు ఎక్కును. ఎర్తు తీగె గట్టిగా బిగింపబడియున్నచో ఆ కరెంటు దానివెంట ఉద్ధృతముగా పారి, ఫ్యూజును కరగించి, సరఫరాను తెగగొట్టును. ఎర్తు లేనిచో ఆ కరెంటు మనుజుని దేహమునకై కాచుకొని యుండును. తడిచేతితో రేకును తాకినవాని దేహము సుమారు వేయి ఓముల నిరోధము చూపునని యెంచినచో, అతనిద్వారా పారునది ఆంపియరులో నాలుగవవంతుకూడ కాదు. 6 ఆంపియర్ల ఫ్యూజునకు అది లెక్కలోనిది కాదు. గుండెకు మాత్రము అందులో స్వల్పభాగమే చాలును. 9 వాట్ల ఎల్‌ఇడి బల్బు వెలుగుటకు కావలసిన కరెంటు గుండెగుండ కొన్ని సెకనులు పారినను ప్రాణాపాయము కలుగవచ్చును. కావున ఫ్యూజు మనలను కాపాడునని నమ్ముట పొరపాటు.

మనవారి యిండ్లు అనేకములందు ఒకవైపు కాపురము, ఒకవైపు మరమగ్గములు. మగ్గము ఇనుము, కప్పు రేకులు, దీపపు పెట్టె రేకు. పిల్లలు ఆ నడుమనే తిరుగుదురు. పాతకాలపు చెక్కపట్టీల వైరింగులో దీపములకు రెండు తీగెలు మాత్రమే నడిపిన తావులు నేటికిని ఉన్నవి. అట్టి చోట ప్లాస్టికు ఒంటి దీపము పెట్టుకొనుట మేలు. దీపముపై ఒక చతురస్రములో మరియొక చతురస్రము ముద్రింపబడియున్నచో దానికి రెండు పొరల రక్షణ కలదనియు, ఎర్తు అక్కరలేదనియు అర్థము. ఆ గుర్తు లేక, రేకు ఒడలు, ఎర్తు మరమేకు ఉన్న దీపమునకు మూడవ తీగె ఇచ్చి తీరవలెను. కొన్ని రేకు ఒంటి ఎల్‌ఇడి దీపములను తాకినప్పుడు చేతికి జిల్లుమనును. "ఎల్‌ఇడికి అది సహజమే" యని కొందరు త్రోసివేయుదురు. లోపలి పరికరమునుండి కొలదిగా కారు కరెంటు ఎర్తులోనికి పోవలసియుండగా, దారి లేక రేకుపై నిలిచినదనుటకు ఆ జిల్లు ఒక సూచన. దానిని సహజమని విడువరాదు.

ఇక పరీక్ష. మెయిన్ స్విచ్చి ఆపి, టెస్టరుతో చూచి కరెంటు లేదని రూఢి చేసికొన్న పిమ్మట, తెలిసిన వైర్‌మన్ చేతనే చేయింపవలెను. మల్టీమీటరు ఒక కొనను దీపపు రేకునకును, రెండవ కొనను పొడవు తీగెతో మెయిన్ బోర్డులోని ఎర్తు పట్టీకిని తాకింపవలెను. ఆ పొడవు తీగె నిరోధమును తీసివేయగా ఒక ఓముకంటె తక్కువ రావలెను. రంగుపై తాకించినచో లెక్క తప్పును; రంగు గీరి లోహముపై తాకింపవలెను. ఎర్తు మరమేకు క్రింద రంగుండుటచేతనే బిగింపు వ్యర్థమైన దీపములను మేము చూచితిమి.

మల్టీమీటరు పంపు కరెంటు అత్యల్పము. తీగెలో ఒక్క పోగు మిగిలియున్నను అది "బాగున్నది" అని చూపును. అందుచేతనే దీపముల నాణ్యతా ప్రమాణములలో, 12 వోల్టులకు మించని సాధనముతో కనీసము 10 ఆంపియర్లను ఒక నిమిషము పంపి, నిరోధము అర ఓమునకు మించరాదని నియమించిరి. పెద్ద కట్టడములకు అట్టి పరికరముగల వారిని పిలుచుట మంచిది.

ఫేజునకును ఎర్తునకును నడుమ బల్బు పెట్టి చూచు వాడుక మన ప్రాంతమున మిక్కిలిగా ఉన్నది. ఇది మాకు నచ్చదు. గుంతవద్ద ఎర్తు తెగియున్నచో, ఆ బల్బుద్వారా కరెంటు ఎర్తు తీగెలోనికి ఎక్కి, దానికి తగిలియున్న ప్రతి రేకును ప్రమాదకరము చేయును. ఎర్తు దొరకనిచోట న్యూట్రలునే రేకునకు కలుపుట ఇంతకంటె చెడ్డది. న్యూట్రలు తెగిన నాడు రేకునకు పూర్తి కరెంటు వచ్చును.

గుంత సంగతియు చెప్పవలెను. ఇంటికి సొంత గుంతయే ఆధారమైనప్పుడు, దాని నిరోధము 5 ఓములైనచో లోపము కలిగిన వెంటనే సుమారు 46 ఆంపియర్లు పారి 6 ఆంపియర్ల ఫ్యూజు పోవును. అదే 50 ఓములైనచో పారునది నాలుగున్నర ఆంపియర్లే. ఫ్యూజు కరగదు, రేకు అట్లే కరెంటుతో నిలిచియుండును. మన నల్లరేగడి వానకాలమున తడిని బాగుగ పట్టును గాని, ఎండలలో బీటలువారి కడ్డీని విడుచును. ఆషాఢములో మంచి ఫలితమిచ్చిన గుంత వైశాఖములో ఈయకపోవచ్చును. కావున ఎర్తు టెస్టరుతో నిరోధమును కొలుచుట ఎండకాలముననే చేయవలెను.

30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించుకొనుట అన్ని విధముల యోగ్యము. కరెంటు ప్రక్కదారి పట్టినంతనే, రెప్పపాటులో అది సరఫరాను తెంచును. దానిపై 'టి' అను మీటను నెలకొకమారు నొక్కి చూడవలెను. అయితే ఆ మీట పరికరమును మాత్రమే పరీక్షించును. ఎర్తు తీగె ఉన్నదో లేదో చెప్పజాలదు. ఇది తెలియక మేమును కొంతకాలము మోసపోతిమి.

ఇప్పుడు మా పాఠశాలయందు ప్రతి వేసవిలోను, మావశీ తుడుచుటకు ముందే, గదిగదికిని దీపపు రేకులు పరీక్షింపబడుచున్నవి. వచ్చిన లెక్కలు ఒక పుస్తకమున వ్రాసి ప్రధానోపాధ్యాయుల గదిలో ఉంచితిమి. ఎండలు ముదిరినప్పుడు శనివారము శనివారము గుంతలో రెండు బకెట్ల నీరు పోయించుచున్నాము. ఆ పుస్తకమును చూడగోరు తలిదండ్రులు పాఠశాల వేళలలో వచ్చి చూడవచ్చును.