కళాశాలకు దరఖాస్తు

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన నాటినుండి తిరుపతిలోనూ, చిత్తూరులోనూ నెట్ సెంటర్ల వద్ద ఒక దృశ్యం తప్పక కనబడుతుంది. తండ్రి చేతిలో ఒక సంచి, సంచి నిండా సర్టిఫికెట్లు, పక్కన కుమార్తె, ఎదుట తెర మీద కళాశాలల పేర్లు బారులు తీరి ఉంటాయి. వెనుక నిలిచినవారు తొందరపెడుతూ ఉంటారు. చివరకు తండ్రి, "ఏదో ఒకటి నువ్వే పెట్టు నాయనా" అని సెంటరు కుర్రవాణ్ణి బతిమాలుకొంటాడు. ఆ "ఏదో ఒకటి" అన్న మాటతో పిల్ల నాలుగేళ్ల చదువు తేలిపోతుంది.

ఇద్దరు డిగ్రీ విద్యార్థినులు ఈ దృశ్యాన్నే పరిశోధనకు ఎన్నుకొన్నారు. మన రాష్ట్రంలో 2020-21లో సవరించిన డిగ్రీ పాఠ్యప్రణాళిక ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది. మొదటి సంవత్సరం ముగిసిన పిమ్మట విద్యార్థులు జనం మధ్యకు వెళ్లి ఒక సమస్యను పరిశీలించి రావాలి. పారిశుద్ధ్యమో, మంచినీరో తీసుకొని ఉండవచ్చును. కాని వీరు తాము ఏడాది కిందట దాటివచ్చిన గడపనే తిరిగి చూడదలచారు. పని ఇంకా సాగుతున్నది. లెక్కలు తేలిన తరువాత వారే స్టూడియోకు వచ్చి చెబుతారు. ఈలోగా వారు అడుగుతున్న ప్రశ్నలేమిటో, అవి ఎందుకు పుట్టినవో శ్రోతలకు మనవి చేస్తాను.

మొదటి ప్రశ్న: "ఆరవ తరగతి నుండి ఇంటర్ వరకు ఏ ఊళ్లో చదివినావు?" వినడానికి సాధారణమైన ప్రశ్నే. కాని 1974లో రాష్ట్రపతి జారీచేసిన ఉత్తర్వు విద్యాసంస్థల ప్రవేశాలకు స్థానిక ప్రాంతాలను ఏర్పరచింది. చిత్తూరు, కడప, అనంతపురం, కర్నూలు, నెల్లూరు జిల్లాలు కలిసి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతమైనవి. నూటికి 85 సీట్లు స్థానికులకు. అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగు విద్యాసంవత్సరాలు ఈ ప్రాంతంలో చదివినవారు స్థానికులు. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయినప్పటికీ ఈ లెక్క మారలేదు.

ఇక్కడ మన సరిహద్దు పల్లెల కష్టమున్నది. నగరి పిల్లవాడు తిరుత్తణిలోనూ, కుప్పం పిల్లవాడు కోలారు వైపునా బంధువుల ఇంట ఉండి చదువుకోవడం కొత్త కాదు. తొమ్మిదవ తరగతి అటు చదివి, పదవ తరగతికి ఇటు వచ్చినవానికి ఇంటర్ నాటికి మూడేళ్లే అవుతుంది. పుట్టినది ఇక్కడ, తాతల భూమి ఇక్కడ. అయినా ఆ 85లో వాడు లేడు. మిగిలిన 15 సీట్లలో పోటీ పడవలసినదే. పిల్లవాణ్ణి మేనమామ ఇంటికి పంపేనాడు ఈ సంగతి చెప్పేవారెవరు?

రెండవ ప్రశ్న కళాశాలల వరుసను గురించినది. "పెద్ద కళాశాలను మొదట పెడితే అదీ రాదు, చిన్నదీ పోతుంది" అన్న భయం చాలా ఇళ్లలో ఉన్నది. ఇది వట్టి అపోహ. కంప్యూటర్ ర్యాంకుల క్రమంలో ఒక్కొక్కరి జాబితానే పైనుండి కిందికి చదువుకొంటూ పోతుంది. ఆ విద్యార్థి వర్గానికి, ప్రాంతానికి తగిన ఖాళీ మొదట ఎక్కడ కనబడితే అక్కడ ఆగుతుంది. రాని కళాశాలను ముందు వ్రాసినందువల్ల తరువాతి దానిలో హక్కు తగ్గదు. నష్టమంతా తలకిందులుగా వ్రాయడంలో ఉన్నది: సులభంగా వచ్చేదానిని మొదట పెట్టినవానికి అదే వస్తుంది, అంతకు మంచిది ఖాళీగా ఉన్నా కంప్యూటర్ అంత దూరం చదవదు. నాలుగే పేర్లు వ్రాసి ఊరుకోవడం మరొక పొరపాటు.

ఈ విషయం గణితజ్ఞుల దృష్టిని కూడా ఆకర్షించింది. 1962లో అమెరికాలో డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ అనే ఇద్దరు కళాశాల ప్రవేశాలనూ వివాహాలనూ ఒకే లెక్కగా చూపి ఒక చిన్న వ్యాసం ప్రకటించారు. పెళ్లి సంబంధాలకూ సీట్లకూ పోలిక మన పెద్దలకు విడ్డూరంగా తోచదనుకొంటాను! ఆ మార్గంలో సాగిన కృషికే 2012లో షాప్లీకి, ఆల్విన్ రాత్‌కు అర్థశాస్త్రంలో నోబెల్ బహుమానం లభించింది. తిరుపతి ఐ.ఐ.టి. ప్రారంభమైన 2015లోనే ఐ.ఐ.టి.లకు, ఎన్.ఐ.టి.లకు కలిపి సీట్లు పంచే ఉమ్మడి ఏర్పాటు వచ్చినది. దాని వెనుక ఉన్నది ఈ లెక్కే.

నా కాలంలో తెర లేదు. ప్రతి కళాశాలకూ వెళ్లి ఫారం కొని, పూర్తిచేసి, ఇంటర్వ్యూ కార్డు కోసం పోస్టుమాన్ దారి చూసేవాళ్లం. నాకు ఒక కళాశాల కార్డు ఇంటర్వ్యూ జరిగిన మూడవనాడు చేరినది. మా నాయన దానిని చాలాకాలం గోడకు చెక్కిన మేకుకే ఉంచారు. ఇప్పుడు కార్డు ఆలస్యం కాదు. కాని సీటు వచ్చిన పిమ్మట గడువులోగా ఆన్‌లైన్‌లో సమ్మతి తెలిపి, కళాశాలలో హాజరు కాకపోతే వచ్చిన సీటు రద్దవుతుంది.

ఇక ఆ విద్యార్థినులను ఎక్కువగా ఇబ్బందిపెడుతున్నది మూడవ ప్రశ్న: "ఈ వరుసను ఎవరు నిర్ణయించారు?" అడిగినప్పుడు ఆడపిల్లలు ముందు తండ్రి ముఖం చూస్తారట; తరువాత "నేనే" అంటారట. బస్సు దిగి ఎంత దూరం నడవాలి, హాస్టలు ఉన్నదా అన్న ఇంటివారి ఆలోచన ఆ జవాబులో కనబడదు. కనుక వచ్చేవారం పలమనేరు వైపు వెళ్లినప్పుడు ఒకరు తండ్రితో వసారాలో మాట్లాడాలని, రెండవవారు పిల్లను పెరట్లోకి పిలిచి అదే ప్రశ్న మళ్లీ అడగాలని నిశ్చయించుకొన్నారు.